పనిముట్ల ముచ్చట: ఏ పనికి ఏ పదును?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గొడ్డలి గురించే. పత్తి ఏరుడు అయిపోయి, ఎండాకాలం లోపు కట్టె పోగేసుకునే రోజులు కాబట్టి కావచ్చు. ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చాం. కొడవళ్ళు, పారల ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఇంట్ల ఒక్కటే గొడ్డలి. చెట్టు నరుకుడు, కొమ్మలు కొట్టుడు, పొయ్యిలకు మొద్దులు పగలగొట్టుడు అన్నిటికి అదే. సానకాడ మస్తు పదును పెట్టించిన. కొమ్మలు ఒక్క దెబ్బకే తెగుతున్నయి గని, మొద్దు మీద కొడితే దిగబడి ఇరుక్కుంటున్నది. పీకనీకె పావుగంట. పదును ఎక్కువైందా? (ములుగు నుంచి)

జవాబు: పదును ఎక్కువ కాలేదు, బుగ్గలు, అంటే అంచు వెనక రెండు పక్కలా ఉండే ఇనుము, పల్చబడ్డాయి. గొడ్డలి విషయంలో చూడాల్సినవి రెండు. అంచు ఎంత సన్నగా ఉందన్నది ఒకటి. ఆ అంచు నుంచి వెనక్కి పోయేకొద్దీ ఇనుము ఎంత తొందరగా లావెక్కుతుందన్నది రెండోది. సానపట్టే మనిషి సాధారణంగా మొదటిదే చూస్తాడు. మీ తంటా రెండోదానితో.

చెట్టును అడ్డంగా నరికేటప్పుడు అంచు ఒక్కో నారనూ తెంపుకుంటూ లోపలికి పోవాలి. అక్కడ పల్చటి బుగ్గలే మేలు, లావుంటే దెబ్బ సగంలోనే ఆగిపోతుంది. మొద్దును నిలువునా పగలగొట్టేటప్పుడు పని వేరు. అంచు చేసేది బీట మొదలుపెట్టడం వరకే, తర్వాత బీటను తెరిచేది బుగ్గల లావు. బీట తెరుచుకున్నాక అంచు కట్టెకు తగలను కూడా తగలదు. మీ గొడ్డలి బుగ్గలు పల్చగా ఉన్నాయి కాబట్టి బీటను తెరవలేక, రెండు పక్కలా కట్టె పట్టేసి, అలాగే కూర్చుంటోంది.

కోణం కొలవడానికి పరికరం ఏదీ కొనక్కర్లేదు. మందపాటి పెళ్ళి పత్రిక ఒకటి తీసుకోండి. దాని మూల 90 డిగ్రీలు. ఆ మూలను సరిగ్గా మూడు సమాన భాగాలుగా మడిస్తే ఒక్కో భాగం 30 డిగ్రీలు. ఇంకో మూలను సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే 22.5 డిగ్రీలు. 30లో సగం 15, దాన్ని 22.5 పక్కన పెడితే 37.5. ఈ మూడు కోణాలనూ ఇంకో అట్ట అంచు మీద గీసి, లోపలికి గాడుల్లాగా కత్తిరించండి. లోతు ఒకటిన్నర సెంటీమీటర్లు చాలు. గొడ్డలి అంచును గాడిలో పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ సందు కనబడుతుందో తెలిసిపోతుంది. గాడి మొదట్లో, అంటే అంచు దగ్గర, సందు ఉంటే మీ అంచు ఆ కోణం కంటే మొద్దుగా ఉన్నట్టు. గాడి నోటి దగ్గర సందు ఉంటే సన్నగా ఉన్నట్టు.

నరకడానికి 22.5 గాడి సరిపోవాలి. ఎండిన గట్టి కట్టెకు 25 దాకా పోవచ్చు. కొమ్మలు కొట్టడానికి 30. కొమ్మ మొదలు దగ్గర ముడి ఉంటుంది, సన్నటి అంచు దానికి తగిలితే మొక్కపోతుంది, అందుకే కాస్త లావు. పగలగొట్టడానికి 37.5, అవసరమైతే 40. స్కేలుతో చూసుకోవాలనుకుంటే, అంచు నుంచి సరిగ్గా 1 సెంటీమీటరు వెనక్కి ఇనుము మందం వరసగా దాదాపు 4 మిల్లీమీటర్లు, 5.4, 6.8 ఉండాలి.

ఒక్క గొడ్డలితోనే అన్నీ కానియ్యాలంటే 30 దగ్గర పెట్టి రాజీ పడొచ్చు. మా సలహా మాత్రం పగలగొట్టడానికి వేరే గండ్రగొడ్డలి పెట్టుకోమనే. రెండున్నర మూడు కిలోల తల, లావు బుగ్గలు ఉన్నది. దానికి గడ్డం గీసేంత పదును దండగ. పల్చటి గొడ్డలికి అంచు మీద మాత్రం 37.5 గీసినా బుగ్గలు లావెక్కవు కదా, ఇరుక్కోవడం కొంచెం తగ్గుతుంది, పోదు. గండ్రగొడ్డలి లేనివాళ్ళు రెండు ఇనుప మేకులు (మొద్దు చీల్చే లావు చీలలు), ఒక సమ్మెట పెట్టుకుంటే చాలు. ఇరుక్కున్న గొడ్డలి వెనక సమ్మెటతో కొట్టడం మాత్రం మానాలి. కామ (కర్ర పిడి) దూరే కన్ను సాగిపోతుంది, ఆ తర్వాత ఏ కామా నిలవదు.

నరుకుడు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. పొలం గట్టు మీది చెట్టయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావలసి రావచ్చు. టేకైతే తరలించడానికి పర్మిట్ కూడా. గొడ్డలి ఎత్తేముందే అటవీ శాఖ ఆఫీసులో కనుక్కోండి.

ప్రశ్న: సాన మిషన్ మీద పెట్టించిన గొడ్డలి మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, రెండో రోజుకు మొద్దుబారుతుంది. అంచు దగ్గర నీలం రంగు మరక కూడా కనబడుతోంది. ఇనుము మంచిది కాదా? (నర్సంపేట నుంచి)

జవాబు: ఇనుము మీద నింద వెయ్యకండి. ఆ నీలం మరకే అసలు జవాబు. ఉక్కు వేడెక్కేకొద్దీ పైన రంగులు మారుతాయి. దాదాపు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు, 250–260 దగ్గర గోధుమ రంగు, 280 దగ్గర వంగపండు రంగు, 300 దగ్గర నీలం. దాన్నీ దాటితే బూడిద రంగు. గొడ్డలి అంచుకు కొలిమి దగ్గర ఇచ్చిన గట్టిదనం, అప్పుడు పెట్టిన వేడిని దాటనంత వరకే ఉంటుంది. చక్రం మీద అంతకన్నా ఎక్కువ వేడెక్కితే ఆ మేరకు మెత్తబడిపోతుంది. మళ్ళీ చల్లారినా గట్టిపడదు.

అంచు సన్నగా ఉంటుంది కాబట్టి వేడి పోవడానికి దారి ఉండదు. రెండు మూడు సెకన్లలో నీలం తిరుగుతుంది. ఇక ముందు చక్రం మీద పెట్టించాల్సి వస్తే పక్కనే బకెట్ నీళ్ళు ఉండాలి. ఒక గీత, ఒక ముంచు. గ్లౌజు లేని చేత్తో పట్టుకోలేనంత వేడెక్కనివ్వకూడదు. అసలు అంచుకు ఒక మిల్లీమీటరు వెనకదాకా మాత్రమే చక్రం, ఆ చివరి మిల్లీమీటరు చేతి రాయితో. యాంగిల్ గ్రైండర్ ఇంకా ప్రమాదం, దాని వేగానికి కన్ను మూసి తెరిచేలోపు అంచు కాలిపోతుంది.

ఇప్పుడు మీ గొడ్డలికి ఏం చెయ్యాలి? నీలం ఎంత లోపలికి ఉందో అంతవరకూ ఆకురాయితో (ఫైలుతో) అరగదియ్యాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లే అయితే అరగంట పని. పావు అంగుళం దాకా ఉంటే కమ్మరి దగ్గరికి పోయి అంచు సరిపించి, కొత్తగా నీరు పట్టించడమే (కాల్చి ముంచి గట్టిపరచడమే) దారి. పైన ఉన్న రంగును పాలిష్ కాగితంతో తుడిచేసి అమ్మేవాళ్ళున్నారు, రంగు పోయినంత మాత్రాన గట్టిదనం తిరిగి రాదు.

ప్రశ్న: ఆకురాయితోని ఇంట్లనే పదును పెట్టుకుందామని కొన్న. ఎంత రుద్దినా జారుతున్నది, ఇనుము తెగుతలేదు. ఎట్ల రుద్దాలె, ఎటువైపు? (పరకాల నుంచి)

జవాబు: జారడానికి కారణాలు మూడు. ఆకురాయి పళ్ళు అరిగిపోయి ఉండొచ్చు. ముందుకూ వెనక్కూ రెండు వైపులా రుద్ది మీరే పళ్ళు విరగ్గొట్టి ఉండొచ్చు. లేదా అంచు ఆకురాయి అంత గట్టిగా ఉండొచ్చు. మూడోది తేల్చుకోవడానికి గొడ్డలి వెనక భాగం మీద ఒక గీత గియ్యండి. అక్కడ తెగి అంచు దగ్గర అద్దం మీద రుద్దినట్టు జారితే అంచు మితిమీరి గట్టిగా ఉంది, దాని సంగతి కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది. రెండు చోట్లా జారితే ఆకురాయే దండగైంది, మార్చండి.

కొనేటప్పుడు 10 లేదా 12 అంగుళాల చదును ఆకురాయి, బాస్టర్డ్ కట్ (కాస్త గరుకు పళ్ళ రకం) అని అడగండి. చెక్క పిడి తప్పకుండా వేయించండి, ఒట్టి తోకను అరచేతిలో పెట్టుకుని తోస్తే దిగుతుంది. పాత చెప్పు అట్టనో, టైరు ముక్కనో అరచెయ్యంత కోసి, నడుమ చీలిక పెట్టి పిడికి ముందు తొడగండి. జారినప్పుడు వేళ్ళు అంచుకు తగలకుండా అదే కాపాడుతుంది. ఎడమ చేతికి తోలు గ్లౌజు.

గొడ్డలి కదలకూడదు. బల్లకు సి-క్లాంపుతో బిగిస్తే మంచిది. అది లేకపోతే మొద్దు మీద గొడ్డలి తలను పెట్టి, కామను తొడ కింద నొక్కిపట్టండి. కదిలే గొడ్డలి మీద ఎంత నేర్పరి అయినా కోణం నిలపలేడు.

ముందు అంచు రెండు పక్కలా నల్ల మార్కర్ పెన్నుతో పూయండి. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి. దాని పళ్ళు ఒక్క దిక్కే కోస్తాయి. నాలుగు గీతలు గీసి ఆగి చూడండి. నలుపు అంచు చివరి దాకా పోతే కోణం సరిగ్గా ఉంది. వెనక మాత్రమే పోతే ఆకురాయి వెనక భాగాన్ని కాస్త లేపాలి. అంచు కొసన సన్నటి గీత మాత్రమే పోతే దించాలి. ఎటువైపు తొయ్యాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. అంచుకు ఎదురుగా, అంటే అంచు నుంచి లోపలికి తోస్తే అవతలి పక్క లేచే సన్నటి ఇనుప పొర చిన్నగా ఉంటుంది, కానీ చెయ్యి అంచు వైపే పోతుంది. లోపలి నుంచి బయటికి తోస్తే పొర పెద్దగా లేస్తుంది, చేతికి కాస్త నయం. పైన చెప్పిన అట్ట తొడిగాక మాత్రమే మొదటి పద్ధతికి పోండి.

ఒక పక్క రుద్దుతూ పోతే అవతలి పక్క వేలికి గరుగ్గా ఒక పొర తగులుతుంది. వేలిని అంచుకు అడ్డంగా, లోపలి నుంచి బయటికి జరిపి చూడాలి. అంచు పొడవునా జరపకూడదు. ఈ పొర కింది కొన నుంచి పై కొన దాకా తెగకుండా వచ్చిందంటే ఆ పక్క పని అయినట్టు. ఎక్కడైనా రాకపోతే అక్కడ ఇంకా అంచు దాకా చేరలేదు. చాలామంది ఇక్కడే తొందరపడి గొడ్డలి తిప్పేస్తారు, ఆ తర్వాత ఎంత రాయి పట్టినా నడుమ రెండంగుళాలు మొద్దుగానే మిగులుతుంది. తిప్పి రెండో పక్కా అంతే లెక్క రుద్దండి. గీతలు లెక్కపెట్టుకోండి, ఒక పక్క ఇరవై అయితే రెండో పక్క ఇరవై. లేకపోతే అంచు నడుమ గీతను తప్పి ఒక వైపు జరుగుతుంది, దెబ్బ వంకరపోతుంది.

నరికే గొడ్డలికి ఇంకో పని కూడా. కోణం అంచు దగ్గర మాత్రమే కాదు, నడుమ భాగంలో అంచు నుంచి రెండు రెండున్నర అంగుళాలు వెనక్కి దాకా కూడా బుగ్గను పల్చబరచాలి, రెండు కొనల వైపు పోయేకొద్దీ తగ్గించుకుంటూ. తిరగేసిన విసనకర్ర ఆకారంలో ఉంటుంది ఆ చెక్కుడు. కొనల దగ్గర లావు మిగలడం అవసరం, రాయికో నేలకో తగిలేది అవే. చివరగా ఆ గట్లన్నీ కలిసిపోయేలా, అంచుకు రాగానే చిన్నగా గుండ్రం తిరిగేలా రుద్దాలి. పూర్తి చదునుగా ఉన్న అంచు మొదట్లో బాగా కోస్తుంది గాని తొందరగా మొక్కపోతుంది. గుండ్రం తిరిగిన అంచు వెనక ఇనుము ఆసరా ఉంటుంది, కట్టె నుంచి విడివడడం కూడా తేలిక.

ఆకురాయి పళ్ళలో ఇనుప రజను ఇరుక్కుంటే అదే అంచు మీద లోతు గీతలు పెడుతుంది. బడి సుద్దముక్క ముందే రుద్దితే ఇరుక్కోదు. ఇరుక్కున్నది తీగ బ్రష్‌తో పళ్ళ వాలు వెంట గీకండి. నూనె రాయొద్దు.

ప్రశ్న: కమ్మరికి లారీ కమాను పట్టీ ఇచ్చి గొడ్డలి చేయించాను. కాల్చి నీళ్ళలో ముంచాడు. మొదటి వారంలోనే అంచు నుంచి గోరంత ముక్క ఊడిపోయింది. సన్నటి పగులు కూడా ఉంది. పట్టీ పాతది కావడం వల్లనా? (జమ్మికుంట నుంచి)

జవాబు: పట్టీ పాతదవడం కొంతవరకు కారణం కావచ్చు. లక్షల సార్లు వంగి లేచిన పట్టీలో కంటికి కనబడని పగుళ్ళు ముందే ఉండొచ్చు. పట్టీని అడ్డంగా కోసినప్పుడు, కొట్టినప్పుడు అవి బయటపడతాయి, పడితే ఆ ముక్క పక్కన పెట్టేయాలి. కానీ మీ ఉత్తరంలో నీళ్ళలో ముంచాడని రాశారు. అనుమానం దాని మీదే ఎక్కువ.

కమాను పట్టీ ఉక్కులో కర్బనం 0.5–0.6 శాతం, దానికి తోడు మాంగనీసు, సిలికాన్ లేదా క్రోమియం ఉంటాయి. ఈ కలిపిన లోహాల వల్ల అది నూనెలోనే చక్కగా గట్టిపడుతుంది. చన్నీళ్ళలో ముంచితే వేడి ఒక్కసారిగా లాగేసుకుని, పైన బిగుసుకుని లోపల బిగుసుకోక, సన్నగా ఉన్న అంచు దగ్గర పగులుతుంది. నాగలి కర్రుకు, కొడవలికి నీళ్ళు అలవాటైన కమ్మరి కమానుకూ నీళ్ళే పడతాడు. తప్పు ఆయన పనితనంలో లేదు, ఉక్కు రకం వేరు.

మళ్ళీ చేయించేటప్పుడు ఈ వరస చెప్పండి. అంచు ఎర్రగా కాలి, అయస్కాంతం అంటుకోకుండా పోయే దాకా రావాలి. అది సుమారు 770 డిగ్రీలు. అక్కడి నుంచి రంగు ఇంకాస్త తేలే దాకా, అంటే 830 దగ్గరికి. పసుపు రంగు దాకా పోతే ఎక్కువైనట్టు, లోపల గింజ లావెక్కి పెళుసు బారుతుంది. గోరువెచ్చటి వేరుశనగ నూనెలోనో మరో వంట నూనెలోనో అంచు వైపు ఒకటిన్నర అంగుళం మాత్రమే నిలువుగా ముంచి, పైకి కిందికి ఆడించాలి. ఒకే లోతులో కదలకుండా పెడితే ఆ గీత దగ్గరే పగులు వస్తుంది. నూనె మంటలంటుకుంటుంది కాబట్టి ఇనుప డబ్బా, దానికి మూత పక్కనే ఉండాలి.

తీశాక అంచును రాయితో రుద్ది మెరిపించాలి. ముంచని వెనక భాగంలో మిగిలిన వేడి ముందుకు పాకుతూ వస్తుంది, మెరిసిన ఇనుము మీద రంగులు కదులుతాయి. గడ్డి రంగు అంచును దాటిపోయి, గోధుమ రంగు వచ్చి, వంగపండు రంగు మొదలవుతుండగా మొత్తం ముంచెయ్యాలి. గడ్డి రంగు దగ్గరే ఆపితే కత్తికి బాగుంటుంది, గొడ్డలికి పెళుసు. ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్ళు కామ తీసిన తలను 230 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు పెట్టి, మధ్యలో చల్లారనిస్తే రంగుల లెక్క లేకుండా ఇంచుమించు ఆ ఫలితమే వస్తుంది.

పగిలిన భాగం దాకా తీసేసి మళ్ళీ సాగదీయించుకోవచ్చు. పగులు మిగిలిన తలను మాత్రం వాడకండి, విసిరినప్పుడు ముక్క ఎగిరితే కన్ను పోతుంది.

మన వైపు ఉక్కు గొప్పదని విన్నవాళ్ళు, నిజామాబాద్ జిల్లా కొనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు లాంటిది గొడ్డలికి దొరకదా అని అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఆ తరహా ఉక్కులో కర్బనం 1 శాతం పైనే. కత్తులకు గొప్ప, ముడి మీద బలంగా కొట్టే గొడ్డలికి అంత కర్బనం అక్కర్లేదు.

ప్రశ్న: సర్కారు తుమ్మ, నల్లతుమ్మ కొట్టినప్పుడల్లా అంచు పాడవుతుంది. ఒక్కోసారి పళ్ళు పళ్ళుగా ఊడుతుంది, ఒక్కోసారి ఒక పక్కకు మడుచుకుంటుంది. మామిడి మీద ఏమీ కాదు. (మహబూబాబాద్ నుంచి)

జవాబు: ఊడడం, మడుచుకోవడం ఒకే జబ్బు కాదు. ఊడితే అంచు పెళుసుగా ఉంది. మడుచుకుంటే మెత్తగా ఉంది. కోణం మరీ సన్నగా ఉంటే రెండూ జరుగుతాయి. ఒకే గొడ్డలి మీద రెండూ కనబడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది కోణాన్నే. 22.5 నుంచి 28–30కి తెచ్చి నాలుగు రోజులు చూడండి. మొత్తం బుగ్గను మార్చనక్కర్లేదు, అంచు చివరి రెండు మూడు మిల్లీమీటర్లకు ఆ కోణం ఇస్తే చాలు. అప్పటికీ పళ్ళు ఊడుతుంటే పైన చెప్పినట్టు కొంచెం వేడి పెట్టించి పెళుసు తగ్గించుకోవాలి. మడుచుకుంటూనే ఉంటే అంచులో ఉక్కే అయిపోయి ఉండొచ్చు. పాత గొడ్డళ్ళలో మెత్తటి ఇనుము నడుమ ఉక్కు ముక్క పొదిగి చేసినవి ఉన్నాయి. ఏళ్ళ తరబడి అరిగి ఆ ఉక్కు తరిగిపోతే మిగిలేది మేకు ఇనుము. దానికి ఎంత పదును పెట్టినా నిలవదు.

తుమ్మను పచ్చిగా ఉన్నప్పుడే కొట్టుకోవడం మంచిది. ఎండిన తుమ్మ చేవ వేరే కట్టె అన్నట్టు ఉంటుంది, బండి చక్రాలకు దాన్ని వాడింది ఊరికే కాదు. కొమ్మను కిందివైపు నుంచి, అంటే మొదలు వైపు నుంచి కొన వైపు కొట్టాలి. పై సందులోకి కొడితే అంచు ముడిలో దిగి, లాగేటప్పుడు మెలితిరుగుతుంది. పళ్ళు ఊడేది దెబ్బకన్నా ఈ మెలికకే ఎక్కువ. ఇరుక్కుంటే పక్కకు ఊపకండి, కామ కొనను పైకీ కిందికీ ఆడించి తీయండి.

ఇంకోటి, మొదలుకు పట్టిన చెదపుట్ట మట్టి. అందులో ఇసుక. కొట్టబోయే చోట మట్టిని కర్రతో గీకి, బెరడు ఒక పొర తీసి అప్పుడు నరకండి. పొలం గట్ల మీది తుమ్మల్లో పాత కంచె తీగ కూడా మింగబడి ఉంటుంది, బెరడు ఉబ్బిన చోటు చూసుకోండి.

ప్రశ్న: ఏ రాయి మంచిది? ఇంటి ముందున్న నల్లరాతి బండ మీదనే ఇన్నాళ్ళూ నూరుతున్నాం. (భూపాలపల్లి నుంచి)

జవాబు: బండరాయి పని చేస్తుంది, కానీ ఒకే తీరుగా కాదు. దానిలో గట్టి గింజలూ మెత్తటి గింజలూ కలగలిసి ఉంటాయి, గీతలు ఎగుడుదిగుడుగా పడతాయి. పైగా గొడ్డలిని బండ మీద ఆడిస్తే కోణం నిలవదు. గొడ్డలికి రాయినే చేత్తో పట్టుకుని గొడ్డలి మీద ఆడించాలి. గోదావరి వైపు మీకు దొరికే సన్న గింజ ఇసుకరాయి బండకన్నా నయం. గింజ ఊడుతూ కొత్త గింజ బయటపడుతుంది కాబట్టి కోస్తూనే ఉంటుంది. అరచేతిలో ఇమిడే ముక్క, ఒక పక్క చదునుగా చేసుకుని, నీళ్ళతో వాడండి.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే కార్బోరండం రాయి రెండు వైపులది తీసుకుంటే ఇంకా సుఖం. గరుకు వైపు ఆకురాయి గీతలు పోయేదాకా, నునుపు వైపు పొర పోయేదాకా. చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ కింది కొన నుంచి పై కొనకు పోవాలి. ఒక పక్క, మరో పక్క మారుస్తూ, ఒత్తిడి తగ్గించుకుంటూ. నీళ్ళతో మొదలుపెట్టిన రాయికి తర్వాత నూనె వాడొద్దు. చివర పాత తోలు బెల్టు మీద అంచును వెనక్కి లాగుతూ పది పదిహేను సార్లు. ముందుకు తోస్తే తోలు తెగుతుంది.

పదును చూడడానికి వేలు వద్దు. ఎండలో అంచును కంటికి ఎదురుగా పట్టండి. మొద్దుగా ఉన్న చోట తెల్లటి గీత మెరుస్తుంది. పదునున్న చోట ఏమీ కనబడదు. టేకు కొట్టేవాళ్ళకు ఈ తెల్ల గీత తొందరగా వస్తుంది, టేకులో ఇసుక పదార్థం ఎక్కువ. పళ్ళు ఊడకుండా ఊరికే అరిగిపోతుంది కాబట్టి ఆకురాయి జోలికి పోకుండా, గంటకోసారి రెండు నిమిషాలు రాయి పడితే చాలు.

ప్రశ్న: దూలం చెక్కే బాడిసకు కూడా రెండు వైపులా పట్టాలా? (హన్మకొండ నుంచి)

జవాబు: వద్దు. ఏటవాలు ఉన్న పక్కే 25–30 డిగ్రీలు పట్టండి. చదును పక్క రాయి మీద పూర్తిగా ఆనించి, లేచిన పొర పోయేంత వరకే రెండుసార్లు లాగండి. చదును పక్క కొంచెం గుండ్రం తిరిగినా బాడిస కట్టెలో దిగదు, పైనుంచి జారుతుంది. దూలం మీద అలలు అలలుగా పడుతుంటే కారణం అదే. ఒక పక్కే పదునున్న చెక్కుడు గొడ్డలికీ ఇదే లెక్క.

ప్రశ్న: జామాయిల్, చింత మొద్దులు మేకు కొట్టినా పగలడం లేదు. పదును పెంచాలా? (మంచిర్యాల నుంచి)

జవాబు: పదునుతో పని లేదు. జామాయిల్ పచ్చిగా ఉండగానే, కొట్టిన వారం పది రోజుల్లో పగలగొట్టుకోండి. ఎండితే నార మెలిపడి బిగుసుకుంటుంది. చింత నార పచ్చిగా ఉన్నా అల్లుకునే ఉంటుంది. నడుమ కొట్టకుండా అంచుల నుంచి పలకలు పలకలుగా ఊడదీస్తూ రండి. ఎండు మొద్దులో బీటలు ముందే కనబడతాయి, ఆ బీట వెంబడే దెబ్బ పడాలి. కొమ్మ ముడి ఉన్న వైపును కిందికి పెట్టండి. ముడులు మరీ ఎక్కువున్న మొద్దును రంపంతో పొట్టిగా కోయించుకోవడం చవక.

ప్రశ్న: కామ వదులవుతే రాత్రంతా నీళ్ళలో పెడుతున్నం. పొద్దుగాల బిగుతుంటది, రెండు రోజులకు మళ్ళ ఊగుతది. (జనగామ నుంచి)

జవాబు: నీళ్ళకు ఉబ్బిన కట్టె కన్ను లోపల నలిగి నార చితుకుతుంది, ఎండాక ముందుకన్నా సన్నబడుతుంది. రెండు రోజుల బిగువు కోసం కామను పాడుచేసుకోవడం తప్ప లాభం లేదు. ఊగే తలతో పని చెయ్యడం మొద్దు గొడ్డలికన్నా ప్రమాదం.

పైనుంచి దూర్చే కామ అయితే, కామ పై కొన కన్నుకన్నా లావుగా ఉండి, దెబ్బ కొద్దీ బిగుసుకుంటుంది. ఎండి సన్నబడితే తలను కిందికి జార్చి, ఆనే చోట గీకి, మళ్ళీ పైకి లాగండి. కింది నుంచి దూర్చి పైన మేకు కొట్టే రకమైతే, పాత మేకు తీసి, రంపంతో కన్ను లోతులో మూడింట రెండు వంతులు చీల్చి, ఎండిన తుమ్మ మేకు కొట్టాలి. మేకు పచ్చిదైతే అదే ముందు ఎండి ఊడుతుంది. పైన అర అంగుళం కామ బయటికి మిగలనివ్వండి. కొత్త కామకు తుమ్మ కట్టె నీడన ఆరు నెలలు ఎండాలి, ముడులు లేకుండా, నార కొన నుంచి కొన దాకా నిలువుగా పోవాలి. రంగు, వార్నిష్ పూసిన కామ చెమటకు జారుతుంది. ఆముదమో అవిసె నూనెనో నెలకోసారి పట్టిస్తే సరి, కన్ను దగ్గర బయటపడిన కట్టె కొసకు ముందుగా.